తానెవరో చెప్పని చిప్పు: డివైస్ ట్రీ పుట్టుపూర్వోత్తరాలు

కంప్యూటర్ ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ ముందుగా తేల్చుకోవాల్సింది తన చుట్టూ ఏయే పరికరాలున్నాయన్నది. పీసీఐ బస్ మీద ఉన్న కార్డులతో ఈ పని తేలిక. 1992లో ఇంటెల్ తెచ్చిన ఆ బస్‌లో ప్రతి పరికరమూ తనను చేసిన కంపెనీ నంబరునూ తన నంబరునూ తనలోనే ఉంచుకుంటుంది, అడిగితే చెబుతుంది. (ఇంటెల్ కంపెనీ నంబరు హెక్స్‌లో 8086. వాళ్ల పాత ప్రాసెసర్ పేరే!) ఫోన్లలో, టీవీల్లో, చిన్న బోర్డుల్లో కనబడే ఐ2సీ బస్ సంగతి వేరు. ఒకే పరికరంలోని చిప్పులు రెండు తీగల మీద మాట్లాడుకోవడానికి ఫిలిప్స్ సంస్థ 1982లో చేసిన ఈ బస్‌లో చిప్పుకు ఏడు బిట్ల అడ్రస్ ఉంటుందే తప్ప పేరూ ఊరూ ఉండవు. డీఎస్1307 అనే గడియారపు చిప్పు అడ్రస్ హెక్స్‌లో 68. ఎంపీయూ6050 అనే కదలికల సెన్సర్ అడ్రస్ కూడా సాధారణంగా అదే. 68ని పిలిస్తే ఏదో ఒకటి పలుకుతుంది, పలికింది ఏదో మాత్రం తెలియదు. పోనీ తడిమి చూద్దామన్నా ప్రమాదమే. సెన్సర్లను వెతికే లినక్స్ ప్రోగ్రాములు ఇలా తడమబోయి కొన్ని పాత థింక్‌ప్యాడ్‌లలోని ఈఈప్రామ్ చిప్పులో డేటానే చెరిపేశాయి. కాబట్టి ఈ బస్ మీద ఏముందో కెర్నెల్‌కు బయటినుంచి ఎవరో చెప్పాలి. ఏ రూపంలో చెప్పాలన్న దాని మీదే నలభై ఏళ్ల చరిత్ర నడిచింది. ఆ చరిత్రను వరసగా చూస్తే నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. హార్డ్‌వేర్ వర్ణన తనలోని ప్రోగ్రామును వదులుకుని ఉత్త సమాచారంగా మిగిలాకే నిలదొక్కుకుంది.

మొదట్లో అది అచ్చంగా ప్రోగ్రామే. సన్ మైక్రోసిస్టమ్స్‌లో మిచ్ బ్రాడ్లీ రూపొందించిన ఓపెన్‌బూట్ అనే ఫర్మ్‌వేర్ 1989 నాటి స్పార్క్‌స్టేషన్ 1తో జనంలోకి వచ్చింది. దాని పునాది ఫోర్త్ అనే భాష. ఆ యంత్రంలో పెట్టే ఎస్‌బస్ కార్డు ప్రతిదాని మీదా ఒక చిన్న రోమ్, అందులో ఎఫ్‌కోడ్ అనే ఫోర్త్ బైట్‌కోడ్ ఉండేవి. యంత్రం లేవగానే ఫర్మ్‌వేర్ ఆ కోడ్‌ను నడిపేది. కార్డు తన వివరాలను ఫర్మ్‌వేర్ కట్టే పరికరాల చెట్టులో, అంటే డివైస్ ట్రీలో, ఒక కొమ్మగా తానే తగిలించుకునేది. ప్రాసెసర్ ఏదైనా అదే బైట్‌కోడ్ పనిచేస్తుంది. 1994లో ఇదే ఐఈఈఈ 1275 ప్రమాణమైంది, ఓపెన్ ఫర్మ్‌వేర్ అన్న పేరు స్థిరపడింది. యాపిల్ తన పీసీఐ పవర్ మ్యాకింటోష్‌లలో వాడింది, ఐబీఎం తన పవర్‌పీసీ యంత్రాల్లో వాడింది. ఆలోచన గొప్పదే. కానీ దాన్ని నడపాలంటే ప్రతి బోర్డులోనూ ఒక ఫోర్త్ ఇంటర్‌ప్రెటర్ కొలువుండాలి. రౌటర్లూ సెట్‌టాప్ బాక్సులూ చేసేవాళ్లకు అంత బరువు ఎందుకు?

2005 ప్రాంతంలో లినక్స్‌లో 32 బిట్, 64 బిట్ పవర్‌పీసీ కోడ్‌లను ఒకటి చేస్తున్నప్పుడు ఈ ప్రశ్న ముదిరింది. బెంజమిన్ హెరెన్‌ష్మిట్ చూపిన దారి ఇది: ఫోర్త్‌ను వదిలేసి, దాని పని పూర్తయ్యాక మిగిలే చెట్టును మాత్రం ఉంచుకుందాం. ఆ చెట్టును చదును చేసి ఒకే బైట్ల ముద్దగా కెర్నెల్‌కు అందిస్తే చాలు, బూట్‌లోడర్ చేయాల్సింది ఆ ముద్ద ఎక్కడుందో చెప్పడమే. మనుషులు రాసే పాఠాన్ని ఆ ముద్దగా మార్చే కంపైలర్‌ను డేవిడ్ గిబ్సన్ రాశాడు. ముద్దలోని మొదటి నాలుగు బైట్లను హెక్స్‌లో చదివితే ఇంగ్లీషులో 'డూడ్ ఫీడ్' అన్నట్టుంటుంది, ప్రోగ్రామర్ల చిలిపితనం. అందులో ఒక ఐ2సీ కంట్రోలర్ ఎలా ఉంటుందో చూడండి. 'కంపాటిబుల్' అన్న వరుసలో కంపెనీ పేరూ మోడలూ ఉంటాయి, వాటిని బట్టి కెర్నెల్ డ్రైవర్‌ను ఎంచుకుంటుంది. 'రెగ్' దాని రిజిస్టర్లు మెమరీలో ఏ అడ్రస్ దగ్గర మొదలై ఎంతమేర ఉన్నాయో చెబుతుంది. ఆపైన ఇంటరప్ట్, క్లాక్, బస్ వేగం వస్తాయి. దాని కింద పిల్ల నోడ్‌గా గడియారపు చిప్పు ఉంటుంది, దాని 'రెగ్'లో 68 అన్న ఒక్క అంకే. ఎంతమేర అన్నది అక్కడ కనబడదు, ఎందుకంటే కంట్రోలర్ తన పిల్లలకు పరిమాణపు గడులు సున్నా అని ముందే ప్రకటించి ఉంటుంది. ఐ2సీ అడ్రస్‌కు వైశాల్యం ఉండదు మరి. బస్ స్వభావమంతా ఆ సున్నాలో ఇమిడిపోయింది.

ఆర్మ్ ప్రాసెసర్ల ప్రపంచం మాత్రం చాలాకాలం అవతలి కొసన ఉంది. అక్కడ వర్ణన ఫర్మ్‌వేర్‌లో కాదు, కెర్నెల్ లోపలే సీ భాషలో ఉండేది. బోర్డుకొక ఫైలు, అందులో ఏ ఐ2సీ బస్ మీద ఏ చిప్పు ఉందో చెప్పే పట్టిక. కొత్త బోర్డు వచ్చిన ప్రతిసారీ పాత ఫైలును కాపీ కొట్టి నాలుగు అంకెలు మార్చడం. 2011 మార్చిలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ అస్తవ్యస్తం మీద బహిరంగంగానే విరుచుకుపడ్డాడు. అప్పటికే గ్రాంట్ లైక్లీ వంటివాళ్లు డివైస్ ట్రీని ఆర్మ్‌కు తెచ్చే పనిలో ఉన్నారు. ఆ చీవాట్లతో పని ఊపందుకుంది. 2012 డిసెంబరులో లినక్స్ 3.7లో 64 బిట్ ఆర్మ్ అడుగుపెట్టింది, బోర్డు ఫైళ్లు అన్నవే లేకుండా.

ఇక్కడో బలమైన అభ్యంతరం ఉంది. సమాచారం కెర్నెల్ నుంచి విడిపోయిందంటున్నారు సరే, ఆ పాఠాలు ఈనాటికీ లినక్స్ సోర్స్‌లోనే ఎందుకున్నాయి? ఏ పదానికి ఏ అర్థమో చెప్పే నిబంధనలూ అక్కడే ఉన్నాయి. పాత ముద్దతో కొత్త కెర్నెల్ లేవాలన్న మాట కొన్నిసార్లు తప్పింది కూడా. ఇందులో నిజముంది. కానీ ఫైలు ఏ ఇంట్లో ఉందన్నదానికంటే దాన్ని ఎవరెవరు చదవగలరన్నది నాకు ముఖ్యం. అవే పాఠాలను ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడుకుంటుంది, యూ-బూట్ అనే బూట్‌లోడర్ వాడుకుంటుంది. చిన్న పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్ జెఫిర్ అయితే అదే రూపంలో రాసుకున్న వర్ణనను కంపైల్ చేసేటప్పుడే చదివేస్తుంది. పాత బోర్డు ఫైళ్లను లినక్స్ తప్ప ఇంకెవరూ అలా వాడుకోలేకపోయేవారు. నిబంధనలను కూడా ఇప్పుడు యామల్ అనే డేటా రూపంలో రాస్తున్నారు, తప్పులను యంత్రమే పట్టుకుంటుంది. ప్రోగ్రాము రూపంలో ఉన్న వర్ణనను నడపకుండా ఇలా సరిచూడడం చాలా కష్టం.

హార్డ్‌వేర్‌ను వర్ణించడానికి ఏసీపీఐ అనే మరో పద్ధతి ఉండగా ఇదంతా ఎందుకన్నది ఇంకో ప్రశ్న. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చిన ఆ పద్ధతి ప్రోగ్రామును వదల్లేదు. ఏఎంఎల్ అనే బైట్‌కోడ్‌ను ఫర్మ్‌వేర్ ఇస్తుంది, కెర్నెల్ దాన్ని నడపాలి. అందులో తప్పుంటే కెర్నెల్ రాసేవాళ్లు తాము రాయని కోడ్ చుట్టూ తిప్పలు పడాలి. అయితే దాని సుగుణం ఒప్పుకోవాల్సిందే. ముందు ఈ కరెంటు సరఫరా ఇవ్వు, పది మిల్లీసెకన్లు ఆగు, తర్వాత రీసెట్ వదులు అన్న వరస చెప్పడానికి ప్రోగ్రాము కావాలి. డివైస్ ట్రీలో ఇలాంటి వరసలు రాయాలని చూసినవారిని నిర్వాహకులు అడ్డుకున్నారు, ఆ పని డ్రైవర్లకే మిగిలింది. ఒకే కెర్నెల్‌ను ఏళ్ల తరబడి రకరకాల కంపెనీల యంత్రాల మీద నడపాల్సిన ఆర్మ్ సర్వర్లేమో ఏసీపీఐ వైపే మొగ్గాయి. అందువల్ల నేటి 64 బిట్ ఆర్మ్ కెర్నెల్‌లో రెండు దారులూ పక్కపక్కనే ఉన్నాయి. చేతికి ఏది అందితే దాన్ని చదువుతుంది, రెండూ అందితే మామూలుగా డివైస్ ట్రీకే ఓటు వేస్తుంది.