మెట్లు నేర్పిన పాఠం

"పొద్దున లేచింది మొదలు ఇంటిపనితో ఒళ్లు హూనమవుతూనే వుంది, మళ్లీ వ్యాయామం కూడానా?" అంటూ వుంటాం మనం. ఆ మాటకు జవాబు వెతికే ముందు, లండను బస్సుల కథ కాస్త వినండి.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండులో గుండెజబ్బుతో పోయేవారి సంఖ్య పెరిగిపోసాగింది. కారణమేమిటో అంతుపట్టలేదు. 1949లో జెర్రీ మోరిస్ అనే డాక్టరుగారు లండను రవాణా ఉద్యోగుల మీద దృష్టి పెట్టారు. సుమారు 31,000 మంది వివరాలు సేకరించారు. అక్కడివి రెండంతస్తుల బస్సులు కదా! డ్రైవరు పొద్దస్తమానం కూర్చునే వుండేవాడు. కండక్టరు మాత్రం టిక్కెట్లు ఇస్తూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడు. 1953లో 'లాన్సెట్' వైద్యపత్రికలో ఫలితాలు వచ్చాయి. డ్రైవర్లకంటె కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. వచ్చినా ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చేదట.

"డ్రైవర్లు అసలే లావుపాటి వాళ్లేమో" అన్న అనుమానమూ కలిగింది. యూనిఫారాల నడుము కొలతలు తీయించి చూస్తే అదీ నిజమేనని 1956లో తేలింది. అంటే కదలికతోపాటు ఒంటి బరువునూ చూసుకోవాలన్నమాట. బరువు దగ్గరకు వస్తే తిండి సంగతి రాక తప్పదు కదూ!

"ఇదంతా మగవాళ్ల మాట, మన సంగతేమిటి?" అంటారేమో. అమెరికాలో 70 వేల మందికి పైగా నర్సులను ఎనిమిదేళ్లపాటు గమనించి 1999లో చెప్పారు. వారానికి మూడు గంటలకు తగ్గకుండా చురుగ్గా నడిచినవారికి, అరుదుగా నడిచేవారికంటె గుండెజబ్బు ముప్పు సుమారు మూడోవంతు తక్కువట.

ఇక తిండి సంగతి. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం, చక్కెరవ్యాధి గుమ్మందాకా వచ్చిన 531 మందిని తీసుకొని 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలుగా వుండిపోయినవారిలో మూడేళ్లలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చింది. రోజూ అరగంట నడిచి, చక్కెర, కొవ్వు తగ్గించి, పీచు వున్న ఆహారం తిన్నవారిలో 39 మందికే వచ్చింది. తినేది మన దక్షిణాది భోజనమే సుమా!

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. రోలు, రోకలి, నూతి చేద మూలపడ్డాయి. మిక్సీ, పంపు వచ్చాయి. మంచిదే, మళ్లీ ఆ చాకిరీ ఎవరికీ వద్దు. కాని పని అలుపు తగ్గలేదుగాని, ఒంటికి కదలిక తగ్గింది. పైగా పారబోయడానికి మనసొప్పక, గిన్నెలో మిగిలిన అన్నం మన కంచంలోకే వస్తుంది.

ఆ కండక్టరు ఆరోగ్యం కోసం మెట్లెక్కలేదు, జీతం కోసం ఎక్కాడు. మన అమ్మమ్మలు దంచిందీ ఇంటి అవసరానికే. ఆ పనులు పోయాయి గనుక, ఆ కదలికను మనమే కావాలని తెచ్చుకోవాలి. ఇంటిల్లిపాదికీ వేళకు మందులందించే మనం, ఆ అరగంట మన కోసం అడిగి తీసుకోవడంలో తప్పేముంది?