వెలుగోడు వెనుక అడవిదారి

ఆంగ్లేయుల 'ఆటం' అనే మాటకు మన అనువాదకులు రెండు సమానార్థకాలు వాడుతుంటారు. ఒకటి శరత్తు, రెండవది ఆకురాలు కాలం. రెండూ ఒకటేనని బడిలో చదువుకున్నాం. కాని నల్లమల అంచున నిలబడి చూసినవారికి ఈ రెండింటికీ పొంతన లేదని వెంటనే తెలిసిపోతుంది. మన అడవిలో ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాలలో. ఆశ్వయుజ కార్తీకాలలో అడవి ఏడాదిలోకెల్లా చిక్కగా ఉంటుంది. మద్ది, ఏగిస, వెదురు ఒకదానినొకటి ఒరుసుకొని నిలబడతాయి. బోద మనిషి తలను దాటుతుంది. వాగులు ఇంకా పారుతూనే ఉంటాయి. పడమటి దేశాలలో శరత్కాలపు నడకకు రాలే ఆకు అందమైతే, ఇక్కడ రాలని ఆకే అడ్డు. ఈ చిన్న తేడా వెనుక ఒక పెద్ద చరిత్ర ఉన్నదని నాకు తోచింది. ఆ ఆలోచనను మిత్రులతో పంచుకోవడానికే ఈ టపా.

వెలుగోడు నంద్యాలకూ ఆత్మకూరుకూ నడుమ, నల్లమల పాదాల దగ్గర ఉన్న ఊరు. 2022 వరకు కర్నూలు జిల్లాలో ఉండేది, ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. ఈ పేరు వినగానే నేటివారికి గుర్తుకు వచ్చేది తెలుగుగంగ జలాశయం. గాలేరు మీద కట్టిన ఈ జలాశయం నిండితే పదహారు టీఎంసీలు దాటుతుంది. చెన్నపట్టణానికి కృష్ణ నీళ్ళు ఇవ్వడానికి 1983లో ఒప్పందం కుదిరింది, 1996లో ఆ నీళ్ళు అక్కడికి చేరాయి. అవి వెలుగోడులో ఒకసారి ఆగి వెళతాయి. ఒకప్పుడు చెన్నపట్టణం నుంచి యాత్రికులు కాలినడకన కృష్ణ దగ్గరకు వచ్చేవారు. ఇప్పుడు కృష్ణే నడిచి చెన్నపట్టణం వెళుతున్నది.

ఆ యాత్రికులు ఏ ఋతువులో వచ్చేవారు అన్నదే నా ప్రశ్న.

మన కావ్యాల ప్రకారం శరత్తు ప్రయాణాల ఋతువు. రఘువంశంలో కాళిదాసు రఘువును దిగ్విజయానికి పంపింది శరత్తులోనే. వానలు వెలిశాయి, నదులు దాటడానికి అనువైనాయి, బురద ఎండింది, ఇక కదలవచ్చునన్నది అక్కడి భావం. విజయదశమి నాటి సీమోల్లంఘనం కూడా ఈ ఊహ నుంచి పుట్టినదే. ఊరి పొలిమేర దాటడానికి అది శుభముహూర్తం. మైదానాలకు ఇది సరిపోతుంది. బండ్లకు, గుర్రాలకు, దండుకు సరిపోతుంది.

కాని నంద్యాల, ఆళ్ళగడ్డ సీమలో అడవి వైపు సాగే నడకలను వరుసగా పేర్చి చూడండి. అహోబిల నరసింహస్వామి పారువేటకు బయలుదేరేది సంక్రాంతి మరునాడు, కనుమ రోజున. పల్లకిలో ఊరూరా తిరుగుతూ, తన కల్యాణానికి తానే పిలుపులు చెప్పుకుంటూ, నలభై రోజులకు పైగా ఆ చుట్టుపక్కల గ్రామాలలో ఉంటాడు. శ్రీశైలానికి కాలినడకన పోయే శివదీక్షాపరుల రద్దీ మాఘంలో, శివరాత్రికి. కన్నడ దేశం నుంచి భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి వచ్చే వేలాది భక్తుల నడక చైత్రంలో, ఉగాదికి. మూడూ పుష్యం నుంచి చైత్రం లోపలివే. వీటిలో ఒక్కటీ శరత్తులో లేదు.

కారణాలు కొన్ని కంటికి కనిపించేవే. ఈ నల్లరేగడి సీమలో ఆశ్వయుజం రైతుకు ఊపిరి సలపని నెల. కొర్ర కోతకు వస్తుంది, రబీ జొన్న విత్తే అదను వస్తుంది. ఆ అదను తప్పితే ఏడాది తిండి తప్పినట్లే. పొలం విడిచి పుణ్యానికి పోయే తీరిక పంట ఇల్లు చేరిన తరువాతనే. అడవి సంగతి చెప్పనే చెప్పాను. వాగులు పారుతుంటాయి, బోదలో రెండు బారల అవతల ఏమున్నదీ కనిపించదు. ఆకు రాలిన తరువాతనే అడవి మనిషికి చూపు ఇస్తుంది.

వీటన్నిటికంటె పెద్ద కారణం జ్వరం. ఆయుర్వేదం శరత్తును పిత్తం ప్రకోపించే కాలంగా చెప్పింది. వానలు వెలిసి, మడుగులలో నీరు నిలిచి, దోమ పెరిగే కాలం అది. కొండజ్వరం, చలిజ్వరం, మన్యపు జ్వరం అని ఎన్ని పేర్లు పెట్టుకున్నా అది మలేరియాయే. దాన్ని మోసేది దోమ అని 1897లో మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ తేల్చాడు. అంతవరకు అడవిగాలి, అడవినీరు విషమని జనం నమ్మేవారు. కారణం తెలియకపోయినా కాలం తెలుసు. అందుకే శరత్తులో నల్లమలకు దూరంగా ఉండే పంచాంగాన్ని పెద్దలు ఎక్కడా వ్రాయకుండానే పాటించారని నా అభిప్రాయం.

ఇక దారి సంగతి. వెలుగోడుకు ఎగువన ఆత్మకూరు. అక్కడి నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం. ఇది తరతరాలుగా నలిగిన కాలిబాట. నాగలూటిలో వీరభద్రాలయం ఉంది. ఏటవాలు ఉన్న చోట్ల రాతిమెట్లు ఉన్నాయి. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించాడు. విజయనగర రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు వేయించింది. రాజులు ఆలయాలకు ఇచ్చిన గోపురాలను గురించి మనం ఎక్కువగా వ్రాసుకుంటాం. నడిచేవాడి మోకాలికి మాత్రం గోపురంకంటె మెట్టే పెద్ద దానం.

ఈ కొండలకు వచ్చినవారిలో ఇద్దరి రాతలు ముఖ్యమైనవి. 1794లో కాలిన్ మెకంజీ శ్రీశైలం చూసి, అక్కడి ఆలయాన్ని, ప్రాకారం మీది శిల్పాలను వర్ణిస్తూ ఒక వ్యాసం వ్రాశాడు. అది 'ఏషియాటిక్ రీసెర్చెస్' అయిదవ సంపుటంలో వచ్చింది. ఆ తరువాత ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా ఉన్న ఆయన 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరాడు. అహోబిలం చూసుకొని, వానలు ముదరకముందే ఈ కొండదారిన శ్రీశైలం వెళ్ళాడు. దారిలోని నీళ్ళు, అంగళ్ళు, సుంకాలు అన్నీ తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు లేఖలుగా వ్రాశాడు. అవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినాయి. అప్పటికి శ్రీశైలం కందనూరు నవాబు ఏలుబడిలో ఉంది. దేవుణ్ణి చూడాలంటే నవాబుకు పన్ను కట్టవలసిందే.

ఈ రాతలలో యాత్రికుడు ఉన్నాడు, పన్ను ఉంది, నవాబు ఉన్నాడు. ముందు నడిచినవాడు ఎవరు? చెంచువాడు.

బయటివాడు నల్లమలలో చెంచు తోడు లేకుండా నడవగలగడం ఇటీవలి ముచ్చట. ఎక్కడ ఊట ఉన్నదో, ఏ పొద్దున ఏ మలుపు దాటకూడదో, ఏ కూత దేనికి గుర్తో అతనికే తెలుసు. మన పురాణం ఈ సత్యాన్ని తనదైన రీతిలో ఒప్పుకుంది. నరసింహుడు అడవిలో శాంతించి చెంచులక్ష్మిని పెండ్లాడాడు, చెంచులకు అల్లుడైనాడు. మల్లన్నను కూడా చెంచులు తమవాడిగానే చెప్పుకుంటారు. దేవుడు అడవిలో కాపురం పెట్టాలంటే అడవివాళ్ళ ఇంటి చుట్టరికం కావలసి వచ్చింది. మైదానపు భక్తి అడవికి కట్టిన మర్యాద అది.

రాజ్యం ఆ మర్యాద కట్టలేదు. 1839లో నవాబు పాలన ముగిసి కందనూరు కుంఫిణీ వశమైంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రక్షితారణ్యం అన్న గీత గీయగానే, తరతరాలుగా తిరిగిన నేల మీద చెంచువాడు అనుమతితో తిరగవలసినవాడైనాడు. కృష్ణకు ఆవలి ఒడ్డున, నిజాం రాజ్యపు అమ్రాబాదు మెట్టలలో చెంచుల జీవనాన్ని దగ్గరగా చూసి హైమెండార్ఫ్ వ్రాసిన పుస్తకం 1943లో వెలువడింది. విల్లు, తవ్వుకోల, గడ్డలు, తేనె అన్నీ అందులో ఉన్నాయి. అప్పటికే ఆ బ్రతుకు ఇరుకున పడింది.

ఆపైన మార్పు వేగం పుంజుకుంది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై డీడీటీ పల్లెలకు వచ్చింది. 1963లో శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. రోడ్లు బాగుపడ్డాయి, కార్తీకంలో శ్రీశైలం బస్సులు కిటకిటలాడసాగాయి. 1978లో అభయారణ్యం, 1983లో పులుల రక్షితప్రాంతం. జ్వరం తగ్గింది, దారి పెరిగింది, పులికి చట్టం తోడైంది. శరత్తు మీది పాత నిషేధం ఇట్లా తొలగిపోయింది.

ఇప్పుడు వానకాలం మూడు నెలలు పులుల అడవులలోకి సందర్శకులను రానివ్వరు. మళ్ళీ తలుపు తెరిచేది సరిగ్గా శరత్తులోనే! ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో, నంద్యాల గిద్దలూరు దారిలోని పచ్చర్లలో అటవీశాఖ విడుదులు కట్టింది. చెంచు యువకులు దారి చూపుతారు. నేనూ ఒక కార్తీకంలో ఆ అడవిలో అట్లా నడిచాను. ముందు నడిచిన కుర్రవాడికి ఇరవై ఏళ్ళుంటాయి. పది అడుగులకు ఒకసారి ఆగేవాడు. నాకు ఆకులే కనిపించిన చోట అతనికి రాత్రి నడిచిన కణితి కనిపించేది. "సార్, మీరు దూరం చూస్తారు. ముందు కాలికింద చూడండి" అన్నాడు. చరిత్ర చదివేవాడికి కూడా పనికివచ్చే మాట.

2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి ప్రయాణిస్తున్న హెలికాప్టరు ఈ నల్లమలలోనే అదృశ్యమైనప్పుడు, విమానాలతో వెతుకుతూనే చెంచుల సాయం కూడా కోరవలసి వచ్చింది. ఆపద వేళ గుర్తుకు వచ్చే జ్ఞానానికి మామూలు రోజులలో రోజుకూలికి మించిన విలువ కట్టకపోవడం మన అలవాటు.

ఇంగ్లండులో 1932లో మాంచెస్టరు ప్రాంతపు కార్మికులు కిండర్ స్కౌట్ అనే కొండ మీదకు మూకుమ్మడిగా ఎక్కి, భూస్వాముల నేల మీద నడిచే హక్కు అడిగారు. కొందరు జైలుకు పోయారు. ఆ దేశంలో బయటివాడు లోపల నడవడానికి పోరాడాడు. మన కథ తలక్రిందులు. లోపలివాడు తన ఇంట తాను నడవడానికి అనుమతి అడగవలసి వచ్చింది. 2006 నాటి అటవీహక్కుల చట్టం ఆ పొరపాటును కొంత దిద్దబోయింది. కాగితం మీది హక్కు పెంటల దాకా చేరడమే ఇంకా కష్టం. పులిని కాపాడవలసిందే, అందులో నాకు సందేహం లేదు. అయితే పులితో కలిసి బ్రతికినవాడిని పక్కకు నెట్టి, మళ్ళీ అతనినే కూలికి పిలిచి మనకు పులిజాడ చూపించమనడంలో ఉన్న వైపరీత్యం మరిచిపోకూడదు.

మెట్లు కట్టిన రాజు పేరు మనకు తెలుసు. వచ్చిన దొర పేరు, లేఖలు వ్రాసిన అయ్యవారి పేరు తెలుసు. వాళ్ళకు దారి చూపినవాడి పేరు మన చరిత్రలో మిగలలేదు. పాతవాటిని ఇక తేలేం. కాని మిత్రులారా, మనం యాత్రలు వ్రాసుకునేవాళ్ళం. ఈ కార్తీకంలో మీరు నల్లమలకు వెళితే, జలపాతం ఎత్తుతోపాటు ముందు నడిచినవాడు చెప్పిన చెట్ల పేర్లు, వాగుల పేర్లు అతని మాటల్లోనే వ్రాయండి. అతడు సరేనంటే అతని పేరు కూడా. మీ ఇంట తాతల నాటి శ్రీశైలయాత్ర చిట్టాలు ఏవైనా ఉంటే, చెంచులకిచ్చిన బియ్యం, పైకం లెక్కల దగ్గర ఒక్కసారి ఆగి చూడండి. ఆ పద్దు పక్కన ఎవరిదైనా పేరు ఉన్నదేమో!