వంకర పోని దవడ కోసం

వడ్రంగి బెంచికి సొంతంగా వైస్, అంటే కొయ్యను బిగించి పట్టే సాధనం, చేసుకుందామనుకునే వాళ్ల చూపు ముందు మర మీద పడుతుంది. ఎక్కడ దొరుకుతుంది, ఎంత లావుండాలి, ఇనుపదా చెక్కదా అని ఆరా తీస్తారు. రెండు వేల ఏళ్ల కథ తిరగేస్తే మాత్రం మర పెద్ద చిక్కేమీ కాదని తేలుతుంది. దాన్ని మనిషి ఎప్పుడో సాధించాడు. మర బిగుస్తున్నప్పుడు కొయ్యను అదిమే పలక, అంటే దవడ, ఓ పక్కకు ఒరిగిపోకుండా చూడటానికే తరాలు పట్టింది.

క్రీస్తుశకం 1వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా వాసి హీరో మరతో నొక్కే ప్రెస్సునూ, చెక్క నట్టులో మరచుట్లు కోసే పనిముట్టునూ వివరించాడు. రోమన్లు ద్రాక్షరసం పిండటానికీ ఆలివ్ నూనె తీయటానికీ పెద్ద పెద్ద చెక్క మరలు వాడారు. అయినా వాళ్ల వడ్రంగి బెంచి మీద మర కనిపించదు. జర్మనీలోని సాల్‌బుర్గ్ కోటలో దొరికిన రోమన్ బెంచి పొట్టిది, మందపాటి పలకకు కాళ్లు దిగగొట్టిందే. వెసూవియస్ బూడిద కప్పేసిన హెర్క్యులేనియంలో బయటపడ్డ ఒక చిత్రంలో రెక్కలున్న పిల్లలు రంపం లాగుతుంటారు. కొయ్యను కదలకుండా పట్టి ఉంచింది ఒక ఇనుప కొక్కెం.

ఆ కొక్కెం పనితీరు ముచ్చటగా ఉంటుంది. బెంచి పలకలో ఒక కన్నం, అందులో కాస్త వదులుగా దిగే ఇనుప కాడ. పై వంపు కొయ్యను తాకేలా ఉంచి తల మీద సుత్తితో ఒక్కటి వేస్తే కాడ కన్నంలో ఏటవాలుగా ఇరుక్కుంటుంది. వెనకనుంచి తడితే ఊడొస్తుంది. దవడే లేదు కాబట్టి వంకర పోయే బాధా లేదు.

మన వడ్రంగులకు అదీ అక్కర్లేకపోయింది. నేల మీద కూర్చుని, కొయ్యను పాదాలతో అదిమిపట్టి, బాడిసతో చెక్కేవాళ్లు. కొయ్య ఏ ఆకారంలో ఉంటే పాదం ఆ ఆకారానికి ఒదుగుతుంది. ఇంత చక్కగా సర్దుకునే దవడను ఏ ఫ్యాక్టరీ ఇంకా చేయలేదు. దీన్ని వెనకబాటు అనేవాళ్లున్నారు గానీ నాకలా తోచదు. మర తెలియకా కాదు. పత్తి గింజలు తీసే చేతి యంత్రంలో రెండు రోలర్లనూ ఎదురెదురుగా తిప్పటానికి చెక్క మీదే మరచుట్లు చెక్కి వాడిన దేశం మనది. నిలబడి పొడవాటి చిత్రిక పట్టే అలవాటు ఐరోపాలో బలపడ్డాకే అక్కడ బెంచి ఎత్తు పెరిగింది. నడుమెత్తు బెంచి ఎక్కి కూర్చోలేరు, కాలితో అదమలేరు. వైస్ అవసరం అక్కడ పుట్టింది.

న్యూరెంబర్గ్ వాసి మార్టిన్ లోఫెల్‌హోల్జ్ 1505లో తయారుచేయించిన పనిముట్ల బొమ్మల పుస్తకం ఇప్పుడు పోలండ్‌లోని క్రాకోవ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. మర తిప్పితే జరిగే వైస్ ఉన్న బెంచి బొమ్మ అందులో స్పష్టంగా కనిపిస్తుంది. చెక్క మర అప్పటికే అచ్చుయంత్రాల్లో తిరుగుతోంది, వడ్రంగి దాన్ని తన బెంచికి తగిలించుకున్నాడు. తగిలించుకున్నాక అసలు తంటా మొదలైంది.

దవడ పలక మధ్యలో మర ఉందనుకోండి. కొయ్యను పై అంచున పెట్టి బిగిస్తే, పైన అడ్డు ఉంది కాబట్టి కింది భాగం లోపలికి పోతుంది, పైన పట్టు జారుతుంది. దీనికి పాత వడ్రంగి కనిపెట్టిన విరుగుడు కాలి వైస్. దవడ పలకను నేల దాకా పొడుగ్గా దించి, అడుగున ఒక పట్టీ బిగించాడు. ఆ పట్టీ బెంచి కాలిలోని తొర్రలోంచి ముందుకూ వెనక్కీ జరుగుతుంది. పట్టీ నిండా కన్నాలుంటాయి. పైన కొయ్య ఎంత మందముందో చూసుకుని, కాలి ముందు అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ ఎడం మిగిలేలా కన్నంలో సీల పెడితే, దవడ పై అంచు ముందుగా కరుస్తుంది. మర పై అంచుకు 9 అంగుళాల కింద, పట్టీ మరకు 18 అంగుళాల కింద ఉంటే మర బిగువులో మూడింట రెండొంతులు పైన కొయ్యకు అందుతుంది. పట్టీని ఇంకా దించితే ఇంకా ఎక్కువ అందుతుంది. కొలతలు తెలియని వాడు పట్టీని మరకు దగ్గరగా పెట్టేసి, తర్వాత మర మంచిది కాదని తిడతాడు.

లండన్‌లో జోసెఫ్ మాక్సన్ 1678 నుంచి విడతలుగా అచ్చువేసిన పనిముట్ల పుస్తకంలో మరో దారి కనిపిస్తుంది: దవడకు ఒకటి కాదు, రెండు మరలు, చెరో కొసనా ఒకటి. కొయ్య ఆ రెంటి నడుమ నిలుస్తుంది కాబట్టి దవడ పక్కకు తిరగదు. ఒక కొస సన్నగా ఉన్న కొయ్యనైనా చెరో మరా చెరికాస్త తిప్పి పట్టుకోవచ్చు. నన్నడిగితే ఈ కథ మొత్తంలో తెలివైన ఆలోచన ఇదే. తర్వాత ఫ్రాన్స్‌లో ఆంద్రే జాకబ్ రూబో 1769 నుంచి వెలువరించిన వడ్రంగ గ్రంథంలోని పెద్ద బెంచికి మాత్రం ప్రధానంగా కొక్కేలే ఆధారం.

1800 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో హెన్రీ మాడ్‌స్లే మరలు కోసే లేతును మెరుగుపరిచాడు, 1841లో విట్‌వర్త్ మరచుట్లకు ఒకే కొలత ప్రతిపాదించాడు. ఇక పోత ఇనుప వైస్‌లు ఫ్యాక్టరీల నుంచి దిగాయి. మరకు అటూ ఇటూ రెండు ఇనుప కడ్డీలు పెట్టి దవడను నిటారుగా నిలిపారు. మీట నొక్కితే నట్టు వదిలి దవడ గబుక్కున జరిగే ఏర్పాటూ వచ్చింది. మన దేశంలో రైల్వే వర్క్‌షాపుల ద్వారా, 1950లో మొదలైన చేతిపనుల శిక్షణ పథకం కింద ఐటీఐల ద్వారా నిలుచుని చేసే పనీ, వైసూ కుర్రాళ్ల చేతికొచ్చాయి.

ఫ్యాక్టరీ కాలంలో కూడా సొంత బుర్రకు పనిచెప్పిన వాడొకడున్నాడు. లోటస్ కార్ల డిజైనర్ రాన్ హిక్‌మన్ 1961లో ఇంట్లో బీరువా చేసుకుంటూ, ఆసరాగా పెట్టుకున్న ఖరీదైన కుర్చీనే రంపంతో కోసేశాడు. ఆ దెబ్బతో మడతపెట్టే బెంచి ఒకటి తయారుచేశాడు. పై రెండు పలకలే దాని దవడలు, చెరో కొసనా ఒక మర. అంటే మాక్సన్ ఏర్పాటే పడుకోబెట్టినట్టు! బ్లాక్ అండ్ డెక్కర్ మొదట కాదంది. ఆయన 1968లో సొంతంగా అమ్మటం మొదలుపెట్టాక, 1972లో అదే కంపెనీ తీసుకుంది. వర్క్‌మేట్ పేరుతో కోట్లలో అమ్ముడైంది.

ఇవాళ ఇంట్లో వైస్ చేసుకునేవాడికి హార్డ్‌వేర్ షాపులో మరచుట్ల కడ్డీ చవకగా దొరుకుతుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ ఒక్కో చుట్టుకు రెండున్నర మిల్లీమీటర్లే జరుగుతుంది, దవడ 5 సెంటీమీటర్లు తెరవాలంటే 20 సార్లు తిప్పాలి. అంగుళానికి రెండు చుట్లుండే పాతకాలపు లావు చెక్క మర అదే దూరం నాలుగు తిప్పుల్లో పోతుంది. చుట్లు నలుచదరంగా కోసిన ఇనుప మర దొరికితే మంచిది, అరుగుదల తక్కువ. ఇక పట్టీ, తొర్ర, సీల ఇవన్నీ చేసే ఓపిక లేకపోతే ఇంకో పాత చిట్కా ఉంది. కొయ్యను దవడకు ఒక కొసన బిగిస్తున్నప్పుడు రెండో కొసన అదే మందమున్న చెక్కముక్క ఇరికిస్తే చాలు, దవడ తిరగదు. వేలు పోసి ఫ్యాక్టరీ వైస్ కొన్నవాళ్ల బెంచి కింద కూడా అరంగుళం, ముప్పావు, అంగుళం ముక్కలు ఓ డబ్బా నిండా ఉంటాయి.