చెన్నై మార్గళి సంగీతోత్సవాలు
ఏటా ధనుర్మాసంలో చెన్నై నగరంలోని సభలలో జరిగే కర్ణాటక సంగీత, నృత్య కార్యక్రమాలను మార్గళి ఉత్సవాలంటారు. 1927 డిసెంబరులో మద్రాసు కాంగ్రెస్ మహాసభ సందర్భంగా జరిగిన అఖిల భారత సంగీత సమ్మేళనం వీటికి మూలం. దాని తీర్మానం మేరకు 1928లో మద్రాసు సంగీత అకాడమీ ఏర్పడింది.

కచేరీలలో త్యాగరాజస్వామి తెలుగు కృతులకు విశిష్ట స్థానం ఉంది. తమిళ కీర్తనలకూ తగిన చోటు దక్కాలన్న ఉద్యమ ఫలితంగా 1943లో తమిళ ఇసై సంఘం అవతరించింది.

అనంతరకాలంలో ఈ సంగీతం ఏయే వర్గాలకు చేరుతోందన్న చర్చ బలపడింది. 2015లో బీసెంట్ నగర్ సముద్రతీరంలోని ఊరూర్ ఆల్కాట్ కుప్పం అనే మత్స్యకారుల పల్లెలో స్థానికులు, కళాకారులు కలిసి మరో ఉత్సవం ప్రారంభించారు. శాస్త్రీయ సంగీతానికీ, పరై వాద్యానికీ అక్కడ ఒకే వేదిక లభించింది. 2017లో యునెస్కో సంగీత విభాగంలో చెన్నైని సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది.