గూగుల్‌లో యాడ్ ఇస్తున్నారా? ఈ అపోహలు నమ్మితే జేబుకు చిల్లే!

ఏసీ మెకానిక్‌ల నుంచి కోచింగ్ సెంటర్ల దాకా ఇప్పుడు చాలామంది గూగుల్ యాడ్స్ బాట పడుతున్నారు. సెర్చ్‌లో యాడ్ కనిపించినందుకు కాదు, ఎవరైనా దాన్ని నొక్కితేనే డబ్బు కట్టాలి. ఇదే పే పర్ క్లిక్. 2000లో యాడ్‌వర్డ్స్ పేరుతో మొదలైన ఈ సర్వీసు, 2002లో క్లిక్ లెక్కకు మారింది. 2018 నుంచి గూగుల్ యాడ్స్ అని పిలుస్తున్నారు. ఇన్నేళ్లయినా కొన్ని అపోహలు మాత్రం పోవడం లేదు. వాటి వల్ల నష్టపోయేది ఎక్కువగా చిన్న వ్యాపారులే.

అపోహ 1: డబ్బు ఎక్కువ పెట్టినవాళ్లే పైన ఉంటారు

ఎవరైనా సెర్చ్ చేసిన ప్రతిసారీ క్షణంలో ఒక వేలం జరుగుతుంది. అందులో పాట ఒక్కటే చూడరు. యాడ్ ఆ సెర్చ్‌కు సరిపోతుందా, నొక్కితే తెరుచుకునే పేజీ పనికొస్తుందా, వెతికేవాళ్లు ఎక్కడున్నారు అన్నవీ లెక్కలోకి వస్తాయి. తక్కువ పాడినవాళ్లు పైకి రావడం మామూలే. మీరు పెట్టే బిడ్ గరిష్ఠ పరిమితి మాత్రమే. చాలాసార్లు అంతకంటే తక్కువే కట్ అవుతుంది.

అపోహ 2: యాడ్ ఇస్తే మామూలు రిజల్ట్స్‌లోనూ ర్యాంక్ పెరుగుతుంది

పెరగదు. రెండూ వేర్వేరు. డబ్బు కట్టిన వాటిపై 'స్పాన్సర్డ్' అని ఉంటుంది. "గ్యారంటీగా నంబర్ వన్ చేస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది.

అపోహ 3: రోజుకు రూ.500 పెడితే అంతకు మించి పోదు

పోవచ్చు. డైలీ బడ్జెట్ అంటే సగటు. డిమాండ్ ఉన్న రోజు రెట్టింపు, అంటే రూ.1,000 వరకు ఖర్చు కావచ్చు. నెలకు మాత్రం 30.4 రోజుల లెక్క, అంటే రూ.15,200 దాటదు. దీనిపై 18 శాతం జీఎస్టీ అదనం.

అపోహ 4: క్లిక్‌లు పెరిగితే బిజినెస్ పెరిగినట్టే

క్లిక్‌కు రూ.20 అనుకుందాం. రూ.500కు 25 క్లిక్‌లు వస్తాయి. అందులో ఐదుగురు ఫోన్ చేసి, ఇద్దరే పని ఇస్తే ఒక్కో కస్టమర్‌కు రూ.250 పడినట్టు. ఆ పనిలో రూ.200 మిగిలితే లాభం కాదు, నష్టం. చూడాల్సింది క్లిక్‌ల లెక్క కాదు, ఈ లెక్క.

అపోహ 5: ఒకసారి సెట్ చేస్తే చాలు

అసలు లీకేజీ ఇక్కడే. విజయవాడలో ఏసీ రిపేర్ షాపు యాడ్‌ను 'ఏసీ మెకానిక్ జాబ్స్' అని వెతికేవాళ్లూ నొక్కవచ్చు. సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ చూసి 'జాబ్స్', 'కోర్సు' లాంటి మాటలను నెగెటివ్ కీవర్డ్స్‌లో పెట్టాలి. లొకేషన్ సెట్టింగ్ కూడా చెక్ చేయాలి. మార్చకపోతే, విజయవాడ గురించి వెతికే బయటి ఊళ్లవాళ్లకూ యాడ్ వెళ్లవచ్చు.

అపోహ 6: పోటీ షాపువాళ్లు నొక్కి బడ్జెట్ ఖాళీ చేసేస్తారు

ఇలాంటి దొంగ క్లిక్‌లను గూగుల్ ఫిల్టర్ చేస్తుంది, వాటికి చార్జ్ వేయదు. అన్నీ దొరుకుతాయని మాత్రం కాదు. అనుమానం ఉంటే విచారణ కోరవచ్చు.

వెతికేవాళ్లూ జాగ్రత్త

పైన కనిపించింది కాబట్టి అసలైనదే అనుకోవడం కూడా అపోహే. 'కస్టమర్ కేర్ నంబర్' కోసం వెతికి మోసగాళ్ల చేతికి చిక్కినవాళ్లు ఉన్నారు. నంబర్‌ను కంపెనీ సొంత వెబ్‌సైట్ లేదా యాప్‌లోనే చూసుకోండి. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి.

యాడ్స్ పని ఏజెన్సీకి అప్పగిస్తున్నారా? అకౌంట్ మీ సొంత ఈమెయిల్‌తోనే తెరవండి. వాళ్లకు యాక్సెస్ మాత్రమే ఇవ్వండి. రేపు ఏజెన్సీ మారినా మీ డేటా, మీ లెక్కలు మీ దగ్గరే ఉంటాయి.