తాడిపత్రి టిక్కెట్టు: మాంద్యకాలంలో మద్యం, రైలు, ఖజానా

2022 నవంబరు 18న, ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలు మొదలవడానికి సరిగ్గా రెండు రోజుల ముందు, ఖతర్‌లోని స్టేడియంల ఆవరణల్లో ఆల్కహాల్ ఉన్న బీరు అమ్మరాదన్న నిర్ణయం వెలువడింది. ఆ సాయంత్రం దోహాలో మా డ్యూటీ గదిలో అందరూ లెక్కలు వేసేవారే. బీరు కంపెనీకి నష్టమెంత, నిర్వాహకులకు నష్టమెంత అని. నాకు మాత్రం మా జేజినాయన మాట ఒకటి గుర్తుకొచ్చింది. ఊళ్ళో ఎవరైనా తూలుతూ నడుస్తుంటే ఆయన "వాడు తాడిపత్రి టిక్కెట్టు తీసుకున్నట్టుండాదే" అనేవాడు. మా ఊరు కడప జిల్లాలో, కొండాపురం దగ్గర. తాడిపత్రికీ తాగుడుకూ సంబంధమేమిటో చిన్నప్పుడు తెలియలేదు. తాటిచెట్ల వల్ల ఆ ఊరికి ఆ పేరు వచ్చిందని బడిలో ఎవరో చెబితే, అదే కారణమనుకొని ఊరుకున్నాను. అసలు కారణం 1938లో మద్రాసు ప్రభుత్వం గీసిన ఒక గీత.

1938 అక్టోబరు 1న చిత్తూరు, కడప జిల్లాల్లో మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. పక్కనున్న అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాల్లో రాలేదు. మద్రాసు నుంచి రాయచూరు మీదుగా బొంబాయి వెళ్ళే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే లైను ఈ రెండు రకాల జిల్లాలనూ కలుపుకుంటూ పోయేది. మద్రాసు నగరంలో దుకాణాలు తెరిచే ఉన్నాయి. పుత్తూరు, రేణిగుంట వచ్చేసరికి చిత్తూరు జిల్లా. ఆ తరువాత కోడూరు, రాజంపేట, కడప, ముద్దనూరు, కొండాపురం కడప జిల్లా. అంతా నిషేధపు నేలే. కొండాపురం దాటి తాడిపత్రి చేరితే అనంతపురం జిల్లా. అక్కడ కల్లు దుకాణం యథాప్రకారం. మూడో తరగతి టిక్కెట్టుతో ప్యాసింజరు బండెక్కి, జిల్లా సరిహద్దు దాటి, గొంతు తడుపుకొని తిరుగు బండిలో ఇల్లు చేరడమే తాడిపత్రి టిక్కెట్టు.

ఈ గీత వెనుక ఉన్న లెక్క చూడాలంటే అబ్కారీ దగ్గర మొదలుపెట్టాలి. మద్రాసు ప్రభుత్వం కల్లుమీద రెండు విధాలుగా సొమ్ము చేసుకునేది. గీసే ప్రతి చెట్టుకూ చెట్టుపన్ను, అమ్మే ప్రతి దుకాణానికీ వేలంపాట. సారాకు సుంకం వేరు. 1930లలో రాష్ట్ర ఆదాయంలో సుమారు నాలుగో వంతు ఈ పద్దు నుంచే వచ్చేది. గోదావరి జిల్లాల్లో శెట్టిబలిజలు, సీమలో ఈడిగలు చెట్టెక్కి దించిన కుండల మీద మద్రాసులోని సచివాలయం నడిచిందంటే అతిశయోక్తి కొంతే. అందువల్ల 1921లోనూ, ఉప్పు సత్యాగ్రహ కాలంలోనూ కాంగ్రెసు వాలంటీర్లు కల్లు దుకాణాల ముందు బైఠాయించినప్పుడు అది నీతి బోధ మాత్రమే కాదు, ఖజానాకు గండి కొట్టడం కూడా.

1929 తరువాత ఖజానాకు ఎలాగూ గండి పడింది. ధాన్యం ధర డెల్టాలో సగానికి పడిపోయింది. శిస్తు మాత్రం పాత ధరల నాటిదే. ఎన్.జి. రంగా వెనుక రైతులు సంఘాలుగా కదిలింది ఈ ఉక్కపోతలోనే. రైల్వేలకూ అదే గతి పట్టింది. సరుకు తగ్గింది, ప్రయాణికులు తగ్గారు, 1931లో వేలాది కార్మికులను ఇంటికి పంపారు. బెంగాల్ నాగపూర్ రైల్వేకు కేంద్రమైన ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండేవారు. అక్కడ 1927 నాటి సమ్మెకు ముందునిలిచి పేరు తెచ్చుకున్నవారు వి.వి. గిరి. 1937 ఎన్నికల్లో ఆయన బొబ్బిలిలో నిలబడి, అప్పటివరకు మద్రాసు ప్రధానిగా ఉన్న బొబ్బిలి రాజానే ఓడించారు. జమీందారును అతని సొంత కోటలో ఒక రైలు కార్మికుల నాయకుడు ఓడించిన ఆ ఫలితం ఆనాటి రాజకీయమంతటినీ ఒక్క బొమ్మలో చూపిస్తుంది. కాంగ్రెసుకు 215లో 159 స్థానాలు వచ్చాయి. జూలైలో రాజాజీ ప్రధాని అయ్యారు; ప్రకాశం రెవెన్యూ మంత్రి, గిరి పరిశ్రమలు, కార్మిక శాఖల మంత్రి. అక్టోబరు 1న రాజాజీ సొంత జిల్లా సేలంలో నిషేధం మొదలైంది. ఏడాది తిరిగేసరికి అది మన కడపకు వచ్చింది.

ఇప్పుడు మనం రైళ్ళ స్వర్ణయుగమని మురిసిపోయే కాలం సరిగ్గా ఈ దరిద్రపు దశాబ్దమే కావడం ఒక వింత. కాజీపేట-బల్లార్షా లైను పూర్తికావడంతో 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ తెలుగునేల మీదుగా ఉత్తరానికి దారి తీసింది. 1930 జూన్‌లో బొంబాయి, పూనాల మధ్య డెక్కన్ క్వీన్ వచ్చింది. అమెరికాలో 1934 మే 26న బర్లింగ్టన్ జెఫిర్ డెన్వర్ నుంచి షికాగోకు 13 గంటల 5 నిమిషాల్లో ఎక్కడా ఆగకుండా పరుగెత్తింది. 1938లో న్యూయార్క్-షికాగోల మధ్య ట్వెంటీయత్ సెంచరీ లిమిటెడ్ కొత్త రూపంతో, ఎర్ర తివాచీతో బయలుదేరింది. ఇది కలిమి చేసిన సోకు కాదు. ఒకవైపు మాంద్యం, మరొకవైపు మోటారు బస్సు ప్రయాణికులను లాక్కుపోతుంటే కంపెనీలు చేసిన ఆకర్షణ ప్రయత్నం. మన రైల్వేలను పోషించింది మాత్రం మొదటి తరగతి దొరలు కాదు, మూడో తరగతి బల్లలమీద కిక్కిరిసినవాళ్ళు. స్టేషన్లో దొరల రిఫ్రెష్‌మెంట్ రూము వేరు, హిందూ భోజనశాల వేరు, నీళ్ళ కుండలూ వేరువేరు. మా జేజినాయన చెప్పిన రైలులో భోజనపు బండి లేదు, అరటిపండ్లూ బొరుగులూ ఉన్నాయి.

కాక్‌టెయిల్ పుట్టింది అమెరికా మద్యనిషేధంలోనే అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. జెర్రీ థామస్ మద్యమిశ్రమాల పుస్తకం 1862 నాటిది. 1920 జనవరిలో నిషేధం అమలయ్యాక జరిగింది వేరు. బీరుకు బరువెక్కువ, మత్తు తక్కువ. దొంగచాటుగా మోయడం గిట్టుబాటు కాదు. జిన్ను సీసా కోటు జేబులో పడుతుంది. దాంతో తాగేవాళ్ళు బీరునుంచి స్పిరిట్‌వైపు జరిగారు. ఇంట్లో కలిపిన ఆ జిన్ను గొంతు దిగాలంటే నిమ్మరసం, తేనె, నారింజరసం కావాలి. నేర్పరులైన బార్ పనివాళ్ళు కొందరు దేశం విడిచారు. వాళ్ళలో హ్యారీ క్రాడక్ లండన్ సావోయ్ హోటల్లో చేరి 1930లో వెలువరించిన సంకలనం ఇప్పటికీ ఆ వృత్తికి పెద్ద బాలశిక్ష.

మా వృత్తికీ ఈ కథలో కొంత పాత్ర ఉంది, అంత గర్వించదగినది కాదు. అమెరికాలో వైద్యుడు చీటీ రాస్తే మందుల దుకాణంలో విస్కీ దొరికేది. ఒక రోగికి పదిరోజులకు ఒక పైంటు హద్దు. 1931 డిసెంబరులో న్యూయార్క్‌లో కారు గుద్దుకొని గాయపడిన చర్చిల్‌కు అక్కడి డాక్టరు భోజనవేళల్లో ఆల్కహాల్ అవసరమని చీటీ రాసిచ్చారు. హద్దు రాయలేదు, కనీస మోతాదు మాత్రం రాశారు. పేదవాడికి అలాంటి డాక్టరు లేడు. అతను మందుగా అమ్మే జమైకా అల్లం సారం తాగాడు. 1930లో దానిలో కలిపిన ట్రై ఆర్థో క్రెసిల్ ఫాస్ఫేట్ అనే రసాయనం వేలమంది కాళ్ళను చచ్చుబడేసింది. పాదం పైకి లేవక, నేలను తాటిస్తూ నడిచే ఆ నడకకు జనం పేరుకూడా పెట్టారు. నాడీశాస్త్రం చదువుకున్నప్పుడు పరీక్షకోసం కంఠస్థం చేసిన ఆ రసాయనం పేరు వెనుక ఒక మద్యనిషేధ చట్టం ఉందని మాకెవరూ చెప్పలేదు.

ఆ నిషేధాన్ని పడగొట్టింది ప్రధానంగా మాంద్యం. 1930-33 మధ్య అక్కడ వ్యక్తుల ఆదాయపు పన్ను వసూళ్ళు సగానికి పైగా పడిపోయాయి. సుమారు నాలుగో వంతు శ్రామికులు పనిలేక ఉన్నారు. సారా సుంకం తిరిగివస్తే తమ ఆదాయపు పన్ను తగ్గుతుందని ఆశించిన ధనికులు నిషేధ వ్యతిరేక సంఘానికి డబ్బు పోశారు. రూజ్వెల్ట్ గద్దెనెక్కిన నెలలోనే పలుచటి బీరుకు అనుమతిచ్చారు. ఆయనే సాయంత్రాలు అతిథులకు స్వయంగా మార్టినీలు కలిపి ఇచ్చేవారు. 1933 డిసెంబరు 5న నిషేధం రద్దయింది. కొద్ది ఏళ్ళలో ఫెడరల్ ఆదాయంలో పదోవంతుకు పైగా మద్యం నుంచే వచ్చింది.

అంటే ఒకే మాంద్యంలో ఖజానా ఎండిన రెండు ప్రభుత్వాలు ఎదురెదురు దిక్కులకు నడిచాయి. ఒకటి ఆదాయం కోసం మద్యాన్ని పిలిచింది. మరొకటి ఉన్న ఆదాయంలో నాలుగో వంతును జిల్లా తరువాత జిల్లాగా వదులుకోబోయింది. ఇంతకంటే సాహసం నాకు ఆనాటి బడ్జెట్లలో కనిపించదు. రాజాజీ అభిమానులు ఇక్కడ ఆగిపోతారు. నేను ఆగలేను, ఎందుకంటే సొమ్ము ఎక్కడినుంచో రావాలి.

అది వచ్చిన దారి 1939 మద్రాసు జనరల్ సేల్స్ టాక్స్ చట్టం. భారతదేశంలో సాధారణ అమ్మకం పన్ను ఇదే మొదటిది. ఏడాదికి 20,000 రూపాయలకు మించి అమ్మే వర్తకుడిమీద అర శాతం. అంతకు తక్కువైతే నెలకు 5 రూపాయలు. 10,000 లోపు మినహాయింపు. అదే ఏడు సినిమా టిక్కెట్లమీద, పెట్రోలుమీద, పొగాకుమీద పన్నులు వచ్చాయి. వర్తకులు గొడవ చేశారుగాని, వర్తకుడు పన్నును తన జేబులోనుంచి కట్టడు. తాగేవాడు కట్టిన సొమ్మును ఇకమీదట ఉప్పూ పప్పూ కొనేవాళ్ళంతా, తాగని ఆడవాళ్ళతో సహా, కట్టాలి. 1939 అక్టోబరు 1న పన్ను మొదలైంది; ఆ నెలాఖరులో యుద్ధం విషయమై మంత్రివర్గం రాజీనామా చేసింది. గవర్నరు పాలనలో, యుద్ధం ముగియకముందే, నిషేధాన్ని పక్కనపెట్టారు. పన్నును పక్కన పెట్టలేదు. దేశంలోని ప్రతి రాష్ట్రమూ దాన్ని నేర్చుకుంది.

దోహాలో కూర్చుని ఇది రాస్తున్నాను కనుక మూడో ఖజానా గురించి కూడా చెప్పాలి. 1929కి ముందు ఖతర్ బతుకు ముత్యం. వేసవిలో నెలల తరబడి పడవలమీద ఉండి తీసిన ముత్యాలు బొంబాయి చేరేవి. హైదరాబాదువాళ్ళు బస్రా ముత్యాలని మురిసిపోయినవి ఈ సముద్రపువే. జపాన్‌లో మికిమొటో పెంచిన ముత్యం, ఆపైన మాంద్యం, రెండూ కలిసి ఆ వ్యాపారాన్ని కూల్చేశాయి. ఎన్నో కుటుంబాలు ఈ తీరం విడిచి వెళ్ళిపోయాయి. 1935 మే 17న షేక్ అబ్దుల్లా బిన్ జాసిం చమురు కంపెనీతో ఒప్పందం మీద సంతకం చేసినప్పుడు చేతికందింది 4 లక్షల రూపాయలు. మన రూపాయలే, అప్పుడు ఇక్కడ చెల్లింది అవే. చమురు మొదటిసారి ఎగుమతి అయ్యేసరికి 1949 డిసెంబరు 31 వచ్చింది. ఆ తరువాత ఈ ప్రభుత్వానికి తాగేవాడి డబ్బుమీద ఆధారపడాల్సిన అవసరం లేకపోయింది. 2019 జనవరి 1న ఇక్కడ మద్యంమీద నూరు శాతం పన్ను వేసినా దానివల్ల జీతాలేవీ నడవవు. స్టేడియంలో బీరు ఆపగలిగిన ధైర్యం వెనుక విశ్వాసం ఎంతో, చమురూ గ్యాసూ అంతే. మద్రాసుకు చమురు లేదు, ఉన్నవి ఈతచెట్లు.

ఆ ఈతచెట్ల సంగతే ఆలోచిస్తే బాధ కలుగుతుంది. ఈత కల్లులో ఆల్కహాల్ నూటికి నాలుగైదు పాళ్ళు మించదు. పొద్దున దించింది మర్నాటికి పులిసి పాడవుతుంది. కల్లు రైలెక్కదు. తుమ్మచెక్క, బెల్లం వేసి కాచిన నాటుసారా ఎక్కుతుంది. అమెరికాలో బీరును జిన్ను తోసేసిన సూత్రమే ఇక్కడా. చట్టానికి మొదట చిక్కేది అందరికీ కనిపించేలా చెట్టెక్కే ఈడిగ. చివర చిక్కేది చీకట్లో బట్టీ పెట్టేవాడు. ప్రకాశం ఈ చిక్కును తన రాజకీయ జీవితంతో అనుభవించారు. 1946లో ప్రధానిగా నిషేధాన్ని తిరిగి తెచ్చినవారు ఆయనే. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా, నిషేధాన్ని ఎత్తివేయమని రామమూర్తి కమిటీ చెప్పినా వినక, గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న ఎదురు తిరిగాక, ఒకే ఒక్క ఓటుతో పదవి పోగొట్టుకున్నవారూ ఆయనే.

1995 జనవరి 16న ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించినప్పుడు నేను సీమలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో హౌస్ సర్జన్. దూబగుంట ఆడవాళ్ళ పోరాటం గెలిచిందని మేమంతా సంతోషించాం. ఇప్పటికీ ఆ సంతోషం తప్పని అనుకోను. రెండో రాత్రినుంచి మెడికల్ వార్డుకు మనుషులు రావడం మొదలైంది. చేతులు వణుకుతూ, దుప్పటిమీద లేని చీమలను ఏరుకుంటూ, భార్యను గుర్తుపట్టకుండా. ఏళ్ళ తరబడి తాగినవాడికి ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో అలా అవుతుంది, ప్రాణం కూడా పోవచ్చు. మంచాలు చాలక నేలమీద పరుపులు వేశాం. థయమిన్ ఇంజెక్షన్లు, క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రలు, మంచాలకు కట్టిన పాత చీరలు. ఆ చీరలు తెచ్చినవాళ్ళు వాళ్ళ భార్యలే. సారా బందు కావాలని కోరినవాళ్ళు.

ఆ నెలాఖరులో ఊరికి వెళ్ళి జేజినాయనకు ఇదంతా చెప్పాను. ఎనభై ఏళ్ళవాడు, విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అడిగాడు.

"ఇప్పుడు తాడిపత్రిలో కూడా బందేనా?"

"బందే జేజినాయనా, రాష్ట్రమంతా."

"మరి టిక్కెట్టు ఏడికి తీసుకుంటాండారు?"

"రాయచూరికి. అది కర్ణాటక కదా."

"అంత దూరమా," అన్నాడు. "ఛార్జీ ఎవురు పెట్టుకుంటారు?"