కొలతకు లొంగని గాలి: గ్లైడర్లు, వాటి భారీ నమూనాలు

ఇంజన్ లేకుండా గాలి మీద జారుతూ ఎగిరే విమానాన్ని గ్లైడర్ అంటారు. అసలు గ్లైడర్‌ను నాలుగో వంతుకో, మూడో వంతుకో, ఒక్కొక్కప్పుడు సగానికో తగ్గించి కట్టి, నేల మీద నిలబడి రేడియో సంకేతాలతో నడిపే భారీ నమూనాలు నేడు యూరప్ కొండవాలుల మీద తరచుగా కనిపిస్తాయి. వాటి రెక్కల నిడివి అయిదారు మీటర్లు ఉండడం సాధారణం. అలాంటి నమూనాను చూసినప్పుడు అసలుది ముందు పుట్టిందనీ, ఇది దాని నకలనీ అనిపించడం సహజమే గాని, చరిత్ర నడిచిన క్రమం వేరు.

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌కు చెందిన జార్జ్ కేలీ 1804లో ఒక పొడవాటి కర్రకు మామూలు గాలిపటాన్ని రెక్కగా బిగించి, వెనుక అటూ ఇటూ తిప్పడానికి వీలున్న తోకను అమర్చి, వాలు మీద నుంచి గాలిలోకి వదిలాడు. కదలని రెక్క, దాని వెనుక విమానాన్ని నిలకడగా ఉంచే తోక అనే అమరిక, నేటికీ చాలా విమానాలు అనుసరించే అమరిక, మొదట రూపు కట్టింది ఆ చిన్న నమూనాలోనే. ఎదిగిన మనిషిని మోసే గ్లైడర్‌ను ఆయన ఎగరవేయగలిగింది 1853లో, అంటే దాదాపు అర్ధ శతాబ్దం తరువాత. జర్మనీలో ఓటో లిలియెన్‌తాల్ 1891 మొదలు 1896లో ప్రమాదానికి గురై మరణించేవరకు తానే స్వయంగా సుమారు 2000 సార్లు గాలిలోకి దూకి నేర్చుకున్నది ఒక దారి అయితే, రైట్ సోదరులు 1901లో ఒక చెక్క పెట్టెలోకి ఫ్యాన్‌తో గాలి పంపి, అందులో దాదాపు 200 చిన్న రెక్కలను ఒక్కొక్కటిగా తూచి చూసి, మరుసటి ఏడు తమ గ్లైడర్‌ను అదుపులోకి తెచ్చుకున్నది మరొక దారి.

ఈ రెండు దారులూ కలిసిన చోటు జర్మనీ మధ్యభాగంలోని ర్యోన్ పర్వతాలలో 950 మీటర్ల ఎత్తున్న వాసెర్‌కుప్పె కొండ. చెట్లు లేని గుండ్రని శిఖరం కావడంతో గాలి ఏ దిక్కు నుంచి వీచినా దానికి ఎదురుగా ఒక వాలు దొరుకుతుంది. 1911లో డార్మ్‌స్టాట్ విద్యార్థులు తాము కట్టుకున్న గ్లైడర్లను ఇక్కడికి మోసుకువచ్చారు, మరుసటి సంవత్సరం వారిలో ఒకరు 838 మీటర్ల దూరం ఎగిరాడు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత వెర్సాయ్ ఒప్పందం జర్మనీలో ఇంజన్ విమానాలకు సంకెళ్లు వేయడంతో, ఎగరాలన్న కోరిక అంతా ఇంజన్ లేని విమానం వైపు మళ్లింది. పత్రికా సంపాదకుడు ఆస్కర్ ఉర్సినుస్ పూనికతో 1920లో ఈ కొండ మీద మొదటి పోటీ జరిగినప్పుడు, వోల్ఫ్‌గాంగ్ క్లెంపెరర్ 2 నిమిషాల 22 సెకన్లలో 1830 మీటర్లు ఎగరడమే ఘనకార్యం. రెండేళ్లకే, 1922 ఆగస్టులో, హనోవర్ విద్యార్థుల వాంపైర్ గ్లైడర్ గంటకు పైగా గాలిలో నిలిచింది. కొద్ది రోజులకే అది మూడు గంటలు దాటింది. కొండను తాకిన గాలి వాలు వెంట పైకి ఎగబాకుతుంది కనుక, ఆ గాలిలోనే అటూ ఇటూ తిరిగితే దిగనవసరం లేదన్న సంగతి అక్కడ అందరి కళ్లముందూ రుజువైంది.

వాంపైర్ చక్రాలకు బదులు ఫుట్‌బాల్ లాంటి మూడు బంతుల మీద దిగేది. అది వదిలివెళ్లిన అసలు వారసత్వం మాత్రం రెక్కలో ఉంది: ఒకే ఒక దూలం, దాని ముందుభాగమంతా పలుచని ప్లైవుడ్ చుట్టిన గొట్టం, వెనుక భాగానికి గుడ్డ. రెక్క మెలిపడకుండా కాపాడే ఈ కట్టడం తరువాతి దశాబ్దాలలో చెక్క గ్లైడర్లన్నిటికీ ఒరవడి కాగా, బాల్సా చెక్కతో నమూనాలు కట్టేవారి బల్లల మీద ఈనాటికీ అదే పద్ధతి కనిపిస్తుంది. ఇదే కొండ మీద పరిశోధన సాగించిన అలెగ్జాండర్ లిప్పిష్ తోకలేని విమానం గురించిన తన ఆలోచనలను ముందు నమూనాలతో పరీక్షించి, ఆ తరువాతే మనిషిని ఎక్కించాడు.

కొండవాలును విడిచి మైదానాల మీద దూరాలు పోవడం ఎలాగో 1920ల చివర తేలింది. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి వెళ్లడానికి కారణం, వేడెక్కిన నేల మీద నుంచి లేచే గాలి. దీనిని గ్లైడింగ్‌లో థర్మల్ అంటారు. పైలట్ ఆ గాలిలో ఉన్నాడో లేడో చెప్పడానికి, లేచే వేగాన్నీ దిగే వేగాన్నీ చూపే వేరియోమీటర్ అనే పరికరం తోడైంది. లిప్పిష్ రూపొందించిన వీన్ గ్లైడర్‌లో రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్ 1929లో 100 కిలోమీటర్ల హద్దు దాటాడు. ఈ కథలో నీడ కూడా ఉంది: 1933 తరువాత నాజీ ప్రభుత్వం కుర్రవాళ్ల నమూనా తరగతులనూ గ్లైడింగ్ బడులనూ వైమానిక దళానికి మనుషులను తయారుచేసే నిచ్చెనగా మార్చింది, యూదుడైన క్రోన్‌ఫెల్డ్ దేశం విడవవలసివచ్చింది. యుద్ధం ముగిశాక విధించిన నిషేధం తొలగి, పశ్చిమ జర్మనీలో గ్లైడింగ్ మళ్లీ మొదలైంది 1951లో.

ఇన్నాళ్లూ నమూనాకు ఒక పెద్ద లోటు ఉండేది. చేయి విడిచాక దాని మీద ఎవరి అదుపూ లేదు. మంచి థర్మల్‌లో పడిందంటే, నెలల తరబడి కట్టిన నమూనా చుక్కలా మారి మాయమయ్యేది. అందుకని తోకను పట్టి ఉంచే రబ్బరు బాండుకు నెమ్మదిగా కాలే ఒత్తిని తగిలించేవారు. నిర్ణీత సమయానికి నిప్పు రబ్బరును తెంపగానే తోక ఒక్కసారిగా పైకి వంగి, నమూనా ఎగరడం మాని బల్లపరుపుగా కిందికి దిగేది. కొండవాలు నమూనాల ముక్కు గాలి వైపే ఉండేలా దిక్సూచి అయస్కాంతాన్ని చుక్కానికి కలిపిన ఏర్పాటు కూడా వాడుకలో ఉండేది. తొలినాటి రేడియో పరికరాలు ఒకే ఒక్క సంకేతాన్ని పంపేవి: మీట నొక్కిన ప్రతిసారీ మెలితిప్పిన రబ్బరు బలంతో చుక్కాని కుడికో ఎడమకో పూర్తిగా తిరిగేది, వదిలితే మధ్యకు వచ్చేది. చేతి కదలిక ఎంతో చుక్కాని కదలిక కూడా అంతే ఉండే పరికరాలు 1960లలో స్థిరపడ్డాకే నమూనాను నిజంగా నడపడం అనే మాటకు అర్థం వచ్చింది. అప్పటికీ, ఒకే ఫ్రీక్వెన్సీలో ఇద్దరు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తే గాలిలో ఉన్న నమూనా నేలకూలడం ఖాయం కనుక, మైదానంలో ఒక పలకకు గుచ్చిన క్లిప్పులలో తమ ఫ్రీక్వెన్సీ క్లిప్పు ఎవరి చేతిలో ఉంటే వారే ఎగరవేయాలన్న కట్టుబాటు దశాబ్దాలపాటు సాగింది. ఈ శతాబ్దపు మొదటి దశకంలో 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చి ఆ భయాన్ని తీర్చాక, ఎంతో సమయాన్నీ డబ్బునూ ధారపోసి భారీ నమూనాలు కట్టేవారికి ధైర్యం చిక్కింది.

ఇంతకూ భారీగా ఎందుకు కట్టాలి? గ్లైడర్‌ను చిన్నది చేయవచ్చు గాని, దాన్ని మోసే గాలిని చిన్నది చేయలేము అన్నదే ఇందుకు జవాబు. వాసెర్‌కుప్పె పాదాన ఉన్న పోపెన్‌హౌజెన్‌లో అలెగ్జాండర్ ష్లైషర్ 1927లో నెలకొల్పిన కర్మాగారం నుంచి వచ్చిన ఏఎస్‌కే 21 అనే శిక్షణ గ్లైడర్‌ను తీసుకుంటే, దాని రెక్కల నిడివి 17 మీటర్లు, గరిష్ఠ బరువు 600 కిలోలు. దాన్ని మూడో వంతుకు తగ్గిస్తే నిడివి సుమారు 5.7 మీటర్లవుతుంది, రెక్కల వైశాల్యం 9వ వంతుకు పడిపోతుంది, బరువు 27వ వంతుకు, అంటే దాదాపు 22 కిలోలకు చేరుతుంది. చదరపు మీటరు రెక్క మోయవలసిన బరువు మూడో వంతే కావడంతో, అసలు గ్లైడర్ గంటకు 90 కిలోమీటర్ల వేగంతో చేసే పనిని నమూనా 52 కిలోమీటర్ల దగ్గర చేస్తుంది. కాని రెక్క వెడల్పూ తగ్గి, వేగమూ తగ్గినప్పుడు గాలి జిగట ప్రభావం రెక్క మీద పెరుగుతుంది. దీనిని కొలిచే అంకెను, 1883లో ప్రవాహాల మీద ప్రయోగాలు ప్రచురించిన ఆస్బోర్న్ రెనాల్డ్స్ పేరిట రెనాల్డ్స్ సంఖ్య అంటారు. అసలు గ్లైడర్‌కు 18 లక్షల దరిదాపుల్లో ఉండే ఆ సంఖ్య మూడో వంతు నమూనాకు మూడున్నర లక్షలకు దిగుతుంది, అరచేతి వెడల్పు రెక్క ఉన్న చిన్న నమూనాకైతే లక్ష కూడా ఉండదు. సంఖ్య తగ్గేకొద్దీ గాలి రెక్క ఒంపును అంటిపెట్టుకోలేక ముందే విడిపోతుంది, లాగుడు పెరుగుతుంది. అందువల్లనే అసలు రెక్క ఒంపును ఉన్నదున్నట్టు కుదించిన నమూనా చూడ్డానికి ఎంత నిజమనిపించినా ఎగరడంలో వెనుకబడుతుంది. తెలిసిన పనివారు రెక్క కోతను, అంటే రెక్కను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారాన్ని, పలుచన చేస్తారు, తోకను కొద్దిగా పెంచుతారు.

ఆ కోతలను లెక్కగట్టి ఇచ్చినవారిలో రిచర్డ్ ఎప్లర్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1957లో ఎగిరిన తొలి ఫైబర్‌గ్లాస్ గ్లైడర్ ఫీనిక్స్ రూపకర్తలలో ఆయన ఒకరు, దశాబ్దాలపాటు నమూనాకారులు వాడుకున్న రెక్క కోతలూ ఆయనవే. అమెరికాలో పాల్ మెక్రెడీ బాల్యంలో నమూనాలతో మొదలుపెట్టి, 1956లో ప్రపంచ గ్లైడింగ్ విజేతగా నిలిచి, అంతరించిపోయిన ఒక ఎగిరే మహా సరీసృపం నమూనాను 1986లో సగం కొలతలో, 5.5 మీటర్ల రెక్కలతో, రేడియో అదుపులో ఎగిరించాడు. నాసాలో డేల్ రీడ్ అనే ఇంజనీరు రెక్కలే లేని ఆకారం గాలిలో దిగగలదని ముందు చిన్న నమూనాతో చూపించాడు. ఆయన భార్య ఇంటి కెమెరాతో తీసిన ఆ చిత్రమే పై అధికారులను ఒప్పించింది, 1963లో ప్లైవుడ్ తొడుగుతో, మనిషి ఎక్కి నడిపే ఎం2-ఎఫ్1 అనే రెక్కలేని విమానం గాలిలోకి లేచింది. నమూనాను ఆటబొమ్మగా తీసిపారేసే అలవాటును మాన్పడానికి ఈ ఉదాహరణలు చాలు.

నడపడంలో మాత్రం గ్లైడర్ పైలట్ అనుభవం, నమూనా నడిపేవాడి అనుభవం వేరువేరు. గ్లైడర్ పైలట్‌కు గాలి లేవగానే కుర్చీ ఒంటికి ఒత్తుకుంటుంది, ఎదురుగా అద్దం మీద అంటించిన ఊలు దారం పక్కకు ఒరిగితే విమానం అడ్డంగా జారుతోందని తెలుస్తుంది. నమూనా అద్దం మీద అదే దారాన్ని అంటించినా నేల మీదివాడికి అది కనిపించదు. నమూనా ఒక రెక్క కాస్త పైకి లేవడాన్ని బట్టి, తోక పైకెత్తడాన్ని బట్టి థర్మల్ జాడను ఊహించాలి, అది తనవైపు తిరిగి వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. 30 డిగ్రీల వాలుతో తిరిగేటప్పుడు అసలు గ్లైడర్ గీసే వలయానికి వ్యాసార్ధం 110 మీటర్ల చుట్టూ ఉంటే, నమూనాకు 37 మీటర్లు చాలు కనుక, నేలకు దగ్గరలోని సన్నని థర్మల్ నమూనాకే అందుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలి విసురు మాత్రం 52తో పోయే నమూనాను 90తో పోయే గ్లైడర్ కన్నా చాలా ఎక్కువగా కుదుపుతుంది. ఎగరడానికి ముందు చేసే పనులు మాత్రం ఒక్కటే: రెక్కను జాగ్రత్తగా ఇరుసులోకి తోసి, ఒకరు పట్టుకోగా మరొకరు ప్రతి చుక్కానినీ కదిలించి చూసి, రెక్కకూ దేహానికీ మధ్య సందును తెల్లటి టేపుతో మూయడం రెండు చోట్లా కనిపిస్తుంది. తేడా ఏమిటంటే, పొరపాటుకు ఒకచోట పైలట్ తానే మూల్యం చెల్లిస్తాడు. మరొకచోట 20 కిలోల బరువు వేరొకరి మీద పడవచ్చు, కనుకనే 25 కిలోలు దాటిన నమూనాకు యూరప్‌లో విడిగా అనుమతి కావాలి.

వాసెర్‌కుప్పె మీది జర్మన్ గ్లైడింగ్ మ్యూజియం తన పేరులోనే నమూనా విమానాలను కూడా చేర్చుకుంది. అక్కడ చూడగల గ్లైడర్లు ఉన్నాయి, చూడలేనివీ ఉన్నాయి. చూడలేనివాటిలో ఒకటి, క్రోన్‌ఫెల్డ్ నడిపిన ఆస్ట్రియా అనే గ్లైడర్. దాని రెక్కల నిడివి 30 మీటర్లు, ఆ కాలానికి ఊహకందని పొడవు. 1932లో అది ఉరుముల మేఘంలో చిక్కి ముక్కలైపోయింది, ఆయన పారాచూట్‌తో ప్రాణం దక్కించుకున్నాడు. ఆ రెక్కలు గాలిలో ఎలా కనిపించేవో మళ్లీ చూడాలనుకున్నవారికి మిగిలిన దారి, పాత గీతల ఆధారంగా కట్టిన, నాలుగో వంతైనా ఏడున్నర మీటర్లుండే నమూనా ఒక్కటే.